ఎడమవైపు వాలిన గీతలు

ఉక్కుగద్ద అనే ఆ బొమ్మల పత్రిక నెలనెలా ఒకటో తేదీన బజారులోకి వచ్చేది. ఇరవై నాలుగు పేజీలు. ఉక్కు రెక్కలు తగిలించుకుని నగరం మీద ఎగిరే ఒక మనిషి, వాడి కోసం కాచుకుని కూచున్న రకరకాల దుర్మార్గులు, నెలకొక గండం. పిల్లల పుస్తకమే కదా అని తీసిపారేసే పెద్దలు కూడా పిల్లల్ని బడికి పంపి చాటుగా చదివేవారు. మొదటి పేజీలో అడుగున, చిన్న అక్షరాల్లో, ముగ్గురి పేర్లు ఉండేవి. కథ ఎడిటర్‌ది, పెన్సిల్ ఒకాయనది, సిరా ఇంకొకాయనది. ఈ కథ ఆ మూడో ఆయన భార్యది. ఆమె పేరు ఏ పేజీలోనూ ఉండేది కాదు.

సిరా పని అంటే ఏమిటో తెలియని వాళ్ళు, "పెన్సిల్ గీతల మీద మళ్ళీ దిద్దడమేగా" అంటారు. అలా అన్నవాళ్ళని కూచోబెట్టి ఒక్క పేజీ దిద్దమంటే సరదా తీరిపోతుంది. పెన్సిల్ బొమ్మ ఉన్నదున్నట్టు అచ్చుకు రాదు. దాని మీద నిబ్బుతోనో బ్రష్షుతోనో నల్లగా గీస్తేనే అచ్చులో నిలబడుతుంది. ఏ గీత లావుగా రావాలి, ఏది సన్నగా తేలిపోవాలి, నీడ ఎంతవరకు పాకాలి, దేన్ని అసలు ముట్టుకోకుండా వదిలెయ్యాలి, ఇదంతా సిరా మనిషి చేతిలో ఉంటుంది. పైగా ఈ పత్రికకు బొమ్మలు వేసే ఆయన, ఆఫీసులో అందరూ పెన్సిలాయన అని పిలిచే పెద్దమనిషి, మొదటి రెండేళ్ళు ఒళ్ళు వంచి గీశాడు కానీ, పేరొచ్చాక పని గాలికొదిలేశాడు. ఉక్కుగద్దకు తల, మొండెం, చేతులు గీసి, రెక్కలుండాల్సిన చోట ఒక సున్నా చుట్టి "ఇక్కడ రెక్కలు" అని రాసి పంపేవాడు. వెనకాల నగరం ఉండాల్సిన చోట "ఏదో ఒకటి పెట్టు" అని రాసేవాడు. ఒక్కో రెక్కకు నలభై ఉక్కు ఈకలు. అవన్నీ ఎవరో ఒకరు కూచుని గీయాలి కదా.

ఆమె భర్తను అందరూ సిరా మాస్టారు అనేవారు. మంచి పనివాడే. అబద్ధం చెప్పడం ఎందుకు, మొదటి యాభై ఏడు సంచికలూ ఆయన చేతివే. ఆ తర్వాత కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. కప్పు ఎత్తితే టీ సాసర్లోకి తొణికేది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. డాక్టరు ఇచ్చిన మందులతో నిద్ర వచ్చింది కానీ వణుకు పోలేదు.

"ఆఫీసులో తెలిస్తే వేరేవాణ్ణి పెట్టుకుంటారోయ్. ఈ ఒక్క నెలకీ నువ్వు కాస్త చూడు" అన్నాడు ఆమెతో.

ఆమె తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. పెళ్ళికి ముందు ఆయన దగ్గర బ్రష్షు పట్టి, నిచ్చెనెక్కి అక్షరాలు దిద్దిన మనిషి ఆమె. ఒక్క నెలే కదా అని ఒప్పుకుంది. ఆ ఒక్క నెల పదహారేళ్ళు సాగింది.

పొద్దున్నే కూతుర్ని బడికి పంపి, వంటింటి బల్ల మీది నూనె మరకలు తుడిచి, పాత పేపరు పరిచి దాని మీద పెన్సిల్ పేజీ బిగించిన బోర్డు పెట్టుకునేది. ఎదురుగా ఆయన కూచుని, "ఆ మోకాలి దగ్గర ఇంకొంచెం లావు", "ఆ కిటికీలు వద్దులే" అంటుండేవాడు. తలుపు చప్పుడైతే ఇద్దరూ గబగబా కుర్చీలు మార్చుకునేవారు. ఆమె పొయ్యి వైపు తిరిగేది, ఆయన బోర్డు ముందు గంభీరంగా కూచునేవాడు. మొదట్లో అది వాళ్ళకు నవ్వులాటగా ఉండేది. ఒకసారి పక్కింటావిడ వెళ్ళిపోయాక ఆయన బ్రష్షు తలకిందులుగా పట్టుకున్నట్టు చూసుకుని ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. కొన్నేళ్ళకు నవ్వడం మానేశారు. కుర్చీలు మార్చుకోవడం మాత్రం మానలేదు.

ఒక్కటే చిక్కు. ఆమెది ఎడమచేతి వాటం. నీడ చూపించడానికి దగ్గర దగ్గరగా సన్నటి గీతలు గీస్తారు. కుడిచేతివాళ్ళు గీస్తే ఆ గీతల తలలు కుడివైపుకు వాలుతాయి, ఎడమచేతివాళ్ళు గీస్తే ఎడమవైపుకు. ఎవరూ కావాలని చెయ్యరు, మణికట్టు తిరిగే తీరే అంత. యాభై ఏడు సంచికల పాటు కుడికి వాలిన నీడలు ఉన్నట్టుండి ఎడమకు వాలితే, ఎంత బుర్ర తక్కువ పాఠకుడికైనా ఏదో తేడాగా కనబడుతుంది. అందుకని నీడ వేయాల్సిన ప్రతిచోటా ఆమె బోర్డును అడ్డంగా తిప్పి, మెడ వంచి, ఆయన గీతలాగే పడేట్టు గీసేది. పేజీకి ముప్పై నలభై సార్లు తిప్పడం. మెడ పట్టేసేది. నెల తిరిగేసరికి భుజం ఎత్తలేకపోయేది.

అరవై ఒకటో సంచిక చేస్తున్నప్పుడు కూతురికి జ్వరం. తడిగుడ్డ మార్చడం, వచ్చి నాలుగు గీతలు గీయడం, మళ్ళీ పరుగెత్తడం. ఆ హడావుడిలో ఎనిమిది పేజీల నీడలు బోర్డు తిప్పకుండానే గీసేసింది. అచ్చయి వచ్చిన పత్రిక చూసుకున్నాక కానీ ఆమెకు తెలియలేదు. మాస్టారు తల పట్టుకుని, "కొంప ముంచావు కదే" అన్నాడు.

కొంపేం మునగలేదు. పది రోజుల తర్వాత ఎడిటర్ దగ్గర్నుంచి ఫోను. "ఏం చేశారండీ మాస్టారూ! ఉత్తరాల మీద ఉత్తరాలు. గద్ద మేడ మీంచి దూకుతుంటే చదివేవాడికి కళ్ళు తిరుగుతున్నాయట. ఆ నీడలు, ఆ వాలు! ఎలా తట్టిందండీ?"

మాస్టారు గొంతు సవరించుకుని, "ఏదో, చాన్నాళ్ళుగా బుర్రలో తిరుగుతోంది లెండి" అన్నాడు. ఫోను పెట్టేసి ఆమె వైపు చూడకుండా, "ఇక బోర్డు తిప్పకు" అన్నాడు.

మెడనొప్పి తగ్గింది. ఆమె చెయ్యి దాని ఇష్టం వచ్చినట్టు అది తిరిగింది. ఆ తర్వాతి పదహారేళ్ళలో ఆ గీతకు వచ్చిన పేరు అంతా ఇంతా కాదు. బొమ్మలు నేర్చుకునేవాళ్ళు దాన్ని "మాస్టారి వాలు" అనేవారు. అద్దంలో చూస్తూ అభ్యాసం చేసేవారట. ఒక పేపరువాళ్ళు వచ్చి అడిగితే, పొద్దున్నే పావురాల రెక్కల మీద ఎండ పడుతుంటే తనకు ఆ ఆలోచన వచ్చిందని మాస్టారు చెప్పాడు. ఆయనకు పావురాలంటే పడదు. కిటికీ మీద వాలితే చీపురు తిరగేసేవాడు. లోపల టీ పెడుతూ ఆ మాట విన్న ఆమెకు ఒళ్ళు మండింది. అయినా టీ పట్టుకెళ్ళి ఇచ్చింది, పేపరువాళ్ళకి ముందు.

కూతురు ఇదంతా చూడలేదా అంటే, రోజూ చూసింది. బడి నుంచి వచ్చేసరికి తల్లి వేళ్ళకు సిరా, తండ్రి వేళ్ళు శుభ్రం. కానీ తండ్రి దానికి ఒక మాట నేర్పాడు. "గీసేది నేనమ్మా, నలుపు నింపేది మీ అమ్మ." పెద్ద నల్లటి ఖాళీలు నింపడం సాయం చేసేవాళ్ళ పని, అందులో వింతేమీ లేదు. బళ్ళో "మా నాన్న" అని వ్యాసం రాయమంటే పిల్ల అదే రాసింది. టీచరు మెచ్చుకున్న కాగితం మాస్టారు గోడకు అంటించాడు. కళ్ళముందు జరిగింది పిల్ల చూసింది, చెవిలో పడింది నమ్మింది. తల్లి దిద్దలేదు. దిద్దితే భర్త పరువు కూతురి ముందు పోతుందని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఆమె చేసిన పెద్ద తప్పు, ఇంకెవర్నీ అనడానికి లేదు.

రెండువందల యాభై మూడో సంచిక చేస్తుండగా మాస్టారు ఆస్పత్రిలో చేరాడు. ఈసారి చెయ్యి కాదు, గుండె. ఆమె బోర్డు, సిరాబుడ్డీ సంచిలో వేసుకుని వెళ్ళి, వార్డు బయట బెంచీ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గీసింది.

ఆ సంచికలో ఉక్కుగద్ద రెక్క ఊడి నేల మీద పడతాడు. అంతే కథ. పడటానికి ఆరు పేజీలు, ఆ ఆరు పేజీల్లో ఒక్క మాట లేదు. పెన్సిలాయన పంపిన దాంట్లో గద్ద నోరు తెరిచి అరుస్తున్నాడు, చుట్టూ ఏమీ లేదు, మామూలుగానే "ఏదో ఒకటి పెట్టు". ఆమె ఆ అరుపు తీసేసింది. ముఖంలో గీతలు పేజీలోని ఒక్కొక్క బొమ్మ గడికీ తగ్గించుకుంటూ వెళ్ళింది. మొదటి గడిలో నుదుటి ముడతలు, కణతల నరాలు అన్నీ ఉన్నాయి. ఆరో పేజీకి వచ్చేసరికి రెండు కళ్ళు, ఒక పెదవి గీత, మిగతాదంతా తెల్ల కాగితం. చుట్టూ మేడల మీద నీడలన్నీ ఎడమకు వాల్చి వాల్చి గీసింది. చూస్తే నగరమే పక్కకు ఒరిగిపోతున్నట్టు, వాడొక్కడే నిటారుగా ఉన్నట్టు అనిపిస్తుంది. చివరి గడిలో ఒక ఉక్కు ఈక వచ్చి ఎవరి పెరట్లోనో పడుతుంది. ఆ పెరట్లో ఒకావిడ నోట్లో క్లిప్పులు పట్టుకుని బట్టలు ఆరేసుకుంటోంది. తల ఎత్తి చూడదు. పెన్సిలాయన కాగితంలో ఆ ఆడమనిషి లేదు.

పేజీలు అయ్యాక మంచం దగ్గరకు తీసుకెళ్ళి చూపించింది. మాస్టారు దిండుకు ఆనుకుని, వణికే చేతుల్తో ఒక్కొక్కటే తిప్పాడు. చివరి పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. ఆయన కళ్ళు తడిశాయి. ఇప్పుడైనా ఒక మాట అంటాడేమోనని ఆమె మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"నేను చేసిన వాటన్నిట్లోకీ ఇదేనోయ్ గొప్పది" అన్నాడు.

ఆయన అబద్ధమాడలేదు. అందరికీ చెప్పి చెప్పి ఆయనే నమ్మేశాడు. నాలుగు రోజులకు పోయాడు.

మాస్టారి చివరి సంచిక అని అట్ట మీద ఆయన బొమ్మ వేశారు. రెండు రోజుల్లో కాపీ దొరకలేదు, మళ్ళీ అచ్చు వేశారు. వెనక రెండు పేజీల్లో కూతురు నివాళి రాసింది. అప్పటికి ఆ పిల్ల బళ్ళో టీచరు. చావును ఎదురుగా చూస్తున్న మనిషే అలాంటి ముఖం గీయగలడనీ, మా నాన్న తన పతనాన్ని తానే గీసుకున్నాడనీ రాసింది. చాలా బాగా రాసింది. చదివి ఏడవని వాళ్ళు లేరు. తల్లి కూడా ఏడ్చింది, ఎందుకో ఎవరూ అడగలేదు.

నెల తిరక్కుండా ఆమె ఆఫీసుకు వెళ్ళింది. మెట్లెక్కి, చెప్పులు సవరించుకుని, ఎడిటర్ గదిలోకి వెళ్ళి అడిగింది. "సిరా పని నాకివ్వండి. నా పేరు వేయండి."

ఎడిటర్ మంచి మనిషి. కంగారుగా కుర్చీ చూపించాడు. "అమ్మా, మీకేం ఇబ్బంది ఉన్నా మేం చూసుకుంటాం..."

"ఇబ్బంది కాదండీ. పని అడుగుతున్నాను."

కాదనలేక ఒక పెన్సిల్ పేజీ ఇచ్చి చేసి తెమ్మన్నాడు. మూడు రోజుల్లో తెచ్చి ఇచ్చింది. ఆ గదిలో పెన్సిలాయన కూడా ఉన్నాడు. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూశారు. ఎడిటర్ ఎంతో మెత్తగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "బాగా పట్టుకున్నారమ్మా మాస్టారి గీతని. ఇన్నేళ్ళు పక్కనే ఉండి చూశారు కదా. కానీ చూడండి, ఎంతైనా అనుకరణ. ఆయన గీతలో ఉండే జీవం..."

ఆమె నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆ రోజు ఆ పేరు పోయింది. బల్ల మీద ఎడిటర్ పెన్ను తీసుకుని, ఎడమచేత్తో, ఆయన ఎదుటే, ఆయన డైరీ మీద బరబరా ఒక నీడ గీసింది. మాస్టారి వాలు. తర్వాత బీరువా వైపు చూపించి, "అరవయ్యో సంచికా అరవై ఒకటో సంచికా తీయండి. మాస్టారు కుడిచేత్తో రాసేవారా, ఎడమచేత్తోనా? మీరే చెప్పండి" అంది.

ఎడిటర్ రెండు సంచికలూ తెచ్చి పక్కపక్కన పరిచాడు. చూశాడు. డైరీ చూశాడు. మళ్ళీ చూశాడు. పెన్సిలాయన మాత్రం కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"నీకు తెలుసా?" అని ఎడిటర్ ఆయన్ని అడిగాడు.

"అనుమానం ఉండేది" అన్నాడు పెన్సిలాయన.

"అనుమానమా?" అంది ఆమె.

పెన్సిలాయన ఇటు తిరిగాడు. "తెలుసు వదినా. అరవై ఒకటి నుంచీ తెలుసు. పెన్సిల్ పట్టినవాడికి ఆ మాత్రం తెలియదా?"

"మరి ఇందాక జీవం లేదంటుంటే నోరు మెదపలేదేం?"

"వాడు నా స్నేహితుడు వదినా. పోయినవాడి పరువు తీయమంటావా?"

"మరి నేనెవర్ని?"

ఆరు పేజీల పతనానికి తనకు కూడా సన్మానం చేశారన్న సంగతి ఆయనకు గుర్తుండే ఉంటుంది. చేతిగడియారం చూసుకుని, పనుందని బయటికి వెళ్ళిపోయాడు.

ఎడిటర్ తలుపు వేసి వచ్చి కూచున్నాడు. "పని మీదేనమ్మా. పేరు కూడా వేస్తాను, మాటిస్తున్నాను. కానీ ఒక్కటి. ఈ గీత వద్దు."

"ఏ గీత?"

"ఈ వాలు. ఇది మాస్టారి గీతని ఊరంతటికీ తెలుసు. చిన్న పిల్లలకి కూడా తెలుసు. ఇప్పుడు మీ పేరు కింద ఇదే గీత వస్తే, భర్త పోయిన నెలకే ఆయన గీత ఎత్తుకుందంటారు. నిజం చెబుదామా అంటే, మీ అమ్మాయి రాసిన రెండు పేజీలేం కావాలి? పాఠకులకు ఏం ముఖం చూపించాలి నేను? మీరు ఇంకో రకంగా గీయండి."

"అది నా చెయ్యండీ."

"కాదనడం లేదమ్మా. కానీ ఇప్పుడది ఆయనది" అన్నాడు ఎడిటర్, నిజంగానే బాధపడుతూ.

ఆమె ఒప్పుకుంది. ముఖాన కొట్టి రావాల్సింది అని మనం అనుకోవచ్చు. ఇంట్లో కూచుని అనుకోవడం తేలిక. ఆమెకు ఆ పని తప్ప ఇంకోటి చేతకాదు, ఇంకోటి ఇష్టం లేదు. పైగా మొదటి పేజీలో అడుగున తన పేరు ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక పదహారేళ్ళుగా ఆమె గుండెలో ఉండిపోయింది. అది చిన్న కోరికో పెద్ద కోరికో తేల్చడానికి మనమెవరం?

మధ్యలో ఒక నెల ఎవరితోనో నెట్టుకొచ్చారు. ఆ తర్వాతది రెండువందల యాభై ఐదో సంచిక. ఆమె మళ్ళీ బోర్డును అడ్డంగా తిప్పి గీయడం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు పేజీలు, పేజీకి ముప్పై నలభై తిప్పులు, వాలు ఎక్కడా ఎడమకు పోకుండా. ఈసారి దాచుకుంటున్నది భర్త చేతిని కాదు, తన చేతిని. రెండో వారానికి మెడ పట్టేసింది. గీతలు శుభ్రంగానే వచ్చాయి. తప్పు పట్టడానికి లేదు, చెప్పుకోవడానికీ లేదు.

పత్రిక వచ్చింది. మొదటి పేజీలో అడుగున ఆమె పేరు. వేలితో తడిమి చూసుకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసుకుంది. సంతోషం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, ఒక పూట ఉంది.

తర్వాతి వారం ఎడిటర్ ఉత్తరాల కట్ట ఇంటికి పంపించాడు. సెలవు రోజు, కూతురు వచ్చి ఉంది. వంటింటి బల్ల దగ్గర కూచుని ఒక్కొక్కటే చదివి పక్కన పెట్టింది. కొన్ని సగంలో ఆపి మడిచేసింది.

"ఏం రాశారే? పైకి చదువు" అంది తల్లి.

"ఏదో రాస్తారమ్మా జనం."

తల్లి చెయ్యి చాపి తనే తీసుకుంది. కొత్తావిడ శ్రద్ధగా చేస్తోంది కానీ ప్రాణం లేదు, అని ఒకరు. మాస్టారి భార్య అయినంత మాత్రాన మాస్టారి చెయ్యి వస్తుందా, అని ఇంకొకరు. గద్ద పడిపోయిన ఆ ఆరు పేజీలు గీసిన చేతి తర్వాత ఈ గీత చూడలేకపోతున్నాం, దయచేసి వేరేవాళ్ళని పెట్టండి, అని ఒక పన్నెండేళ్ళ పిల్ల.

ఆ పిల్ల ఉత్తరం ఆమె రెండోసారి చదివింది. పదహారేళ్ళు మింగిన మాట అప్పుడు గొంతులోకి వచ్చింది. ఆపుకోలేదు.

"ఆ ఆరు పేజీలూ నేనే గీశానే. యాభై ఎనిమిది నుంచీ అన్నీ నేనే గీశాను. మీ నాన్న చెయ్యి వణికేది, నీకు గుర్తులేదూ? ఒక్క గీత కూడా ఆయనది కాదు."

కూతురు ఉత్తరాలు బల్ల మీద పెట్టేసింది. తల్లి ముఖం చూసింది. కూతురి కళ్ళలో కోపం లేదు, ఆశ్చర్యం లేదు. జాలి ఉంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, సిరా అంటిన ఆ ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తెలుసమ్మా. నువ్వెంత సాయం చేశావో నాకు తెలియదా? నాన్న ఎప్పుడూ చెప్పేవాడు, మీ అమ్మ నింపకపోతే నా పేజీలు పూర్తయ్యేవి కావని. ఈ ఉత్తరాలు పట్టించుకోకు. నాన్నంత రావాలంటే ఎవరికైనా టైం పడుతుంది."